పాత ట్యూబ్‌లైట్ల సేకరణ సేవ: పాదరసం వరకు మెచ్చుకోవచ్చు, టెర్బియం మాట నమ్మలేం

ఎల్‌ఈడీలు వచ్చాక తిరుపతిలోని లాడ్జీలు, కల్యాణ మండపాలు, ప్రైవేటు హాస్టళ్ళు చాలావరకు ట్యూబ్‌లైట్లను విప్పేశాయి. విప్పిన వాటిని ఏం చేయాలో తెలియక మెట్ల కింద, జనరేటర్ గదిలో, మేడమీద నీళ్ళ ట్యాంకుల పక్కన ఆనించి వదిలేసిన వారే ఎక్కువ. అటువంటి ట్యూబులను, సీఎఫ్‌ఎల్ బల్బులను మన చోటికే వాహనంతో వచ్చి, రుసుము తీసుకొని పట్టుకెళ్ళే ఒక సేవను ఈమధ్య మేము వినియోగించుకున్నాం. వారి కరపత్రంలో రెండు హామీలు ఉన్నాయి. పాదరసం గాలిలోకి, మట్టిలోకి పోకుండా చూస్తామన్నది మొదటిది. ట్యూబు లోపలి తెల్లపొడి నుండి యిట్రియం, యూరోపియం, టెర్బియం వంటి రేర్ ఎర్త్ మూలకాలను (రసాయనికంగా ఒకే తీరున ఉండి, విడదీయడం కష్టమైన ఒక లోహాల కుటుంబం) వెలికితీసి దేశావసరాలకు అందిస్తామన్నది రెండవది. మొదటి హామీని వారు చక్కగా నిలబెట్టుకున్నారు. రెండవది మాత్రం వారి పనితీరును దగ్గరుండి చూసినవారు ఒప్పుకోగలిగినది కాదు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పని చేస్తామని వచ్చే ఏ సంస్థనైనా అడగవలసిన ప్రశ్నలు ఒకటే కాబట్టి పేరు లేకపోయినా చదివేవారికి నష్టం లేదు.

నేను నిర్వహణ చూసే భవనాలు రెండు: రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఒక లాడ్జి, తిరుచానూరు రోడ్డులో ఒక కల్యాణ మండపం. రెండింటిలోనూ పాతకాలపు లావు 40 వాట్ల ట్యూబులు, తరువాత వచ్చిన సన్న 36 వాట్ల ట్యూబులు, ఆఫీసు గదిలో వాడిన మరీ సన్నని టీ5 ట్యూబులు, గోనెసంచి నిండా సీఎఫ్‌ఎల్‌లు పేరుకుపోయి ఉన్నాయి. పాత సామాను వ్యాపారి ఫిట్టింగుల రేకును, చోక్‌లను సంతోషంగా తూకం వేయించుకున్నాడు. చోక్‌లో రాగి చుట్ట ఉంటుంది కనుక దానికి మంచి ధరే పలికింది. ట్యూబుల దగ్గరికి వచ్చేసరికి చేతులు ఊపేశాడు. మునిసిపాలిటీ బండిలో వేస్తే తూకివాకంలోని చెత్త కేంద్రం చేరేలోపే అవి ముక్కలవుతాయి, వాటి పొడి తడిచెత్తలోనూ పొడిచెత్తలోనూ కలిసిపోతుంది. ఈ పరిస్థితిలో డబ్బు ఇచ్చి అయినా వదిలించుకోవడమే మేలనిపించింది.

ముందుగా సేవ సంగతి. ఫోనులో మాట్లాడినవారు మర్యాదగా, స్పష్టంగా మాట్లాడారు. ఎన్ని ట్యూబులు, ఎంత పొడవువి, పగిలినవి ఉన్నాయా, వాహనం ఎంతవరకు లోపలికి రాగలదు అని విడివిడిగా అడిగారు. ఒక్కటే ఇబ్బంది. లాడ్జీ ఉన్న ఏ వీధిలోనైనా శనివారం యాత్రికుల రద్దీ ఎలా ఉంటుందో తిరుపతిలో ఎవరిని అడిగినా చెబుతారు, వీరు సరిగ్గా శనివారం ఉదయమే వాహనాన్ని మా సందులో నిలిపారు. గదులు ఖాళీ చేసేవారి సామాను ఒకవైపు, ట్యూబుల కట్టలు మరోవైపు నడవలేని పరిస్థితి ఏర్పడింది. వారంలో మధ్య రోజును ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

వాహనంలో 200 లీటర్ల ఇనుప డ్రమ్ము ఉంది. దాని మూత స్థానంలో ఒక యంత్రాన్ని బిగించారు. యంత్రం పక్క నుండి ఏటవాలుగా ఒక గొట్టం పైకి వస్తుంది, అందులోకి ట్యూబును నిలువుగా జార్చాలి. లోపల తిరిగే గొలుసులు నాలుగడుగుల ట్యూబును ఒక్క క్షణంలో నుగ్గు చేస్తాయి. లోపలి గాలిని పంపు నిరంతరం పీలుస్తూ ఉండడం వల్ల గొట్టం నోటి దగ్గర గాలి లోపలికే పోతుంది గానీ బయటికి రాదు. ఆ పీల్చిన గాలి ముందు ధూళిని పట్టే వడపోతల గుండా, ఆ తరువాత గంధకం పట్టించిన ఉత్తేజిత బొగ్గు గుండా పోతుంది. పాదరసపు ఆవిరి ఆ గంధకంతో కలిసి సల్ఫైడుగా మారి బొగ్గులోనే చిక్కుకుంటుంది. గొట్టం నోటి దగ్గర చిన్న కాగితపు ముక్కను పట్టుకొని చూపించమని అడిగితే, పనివాడు విసుక్కోకుండా చూపించాడు. కాగితం లోపలికి గుంజుకుపోయింది. వారి చేతులకు తొడుగులు, ముఖానికి తగిన మాస్కులు ఉన్నాయి. ఈ జాగ్రత్తకు పూర్తి మార్కులు ఇవ్వాలి.

పగిలిన ట్యూబుల విషయంలో కూడా వారి పద్ధతి బాగుంది. మండపంలో సామాను దించుతుండగా ఒక పాత ట్యూబు జారి పగిలితే, మా పనమ్మాయి వెంటనే చీపురు తీసుకొంది. వారిలో పెద్దాయన "చీపురు వద్దమ్మా, పొడి లేచిపోతుంది. కిటికీలు తెరిచి కాసేపు పక్కకు రండి" అని ఆపి, తరువాత గట్టి అట్టముక్కతో గాజును ఎత్తి, మిగిలిన పొడిని అంటుకునే టేపుతో అద్ది, మొత్తాన్ని మూత గట్టిగా పట్టే డబ్బాలో వేశాడు. వాడిన ట్యూబులో పాదరసం ఎక్కువ భాగం ఆవిరిగా తేలుతూ ఉండదు, తెల్లపొడిలోనూ గాజు లోపలి పొరలోనూ ఇంకి ఉంటుంది. అందువల్ల ఆ పొడిని లేపకపోవడమే అసలు జాగ్రత్త. సీఎఫ్‌ఎల్‌లో సాధారణంగా 5 మిల్లీగ్రాములకు మించకుండా ఉండే పాదరసం, పాత లావు ట్యూబుల్లో అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. ఒక్క ట్యూబు పగిలితే భయపడనక్కరలేదు గానీ, గాలి ఆడని గదిలో వందల ట్యూబులను గుట్టగా పోసి ఉంచే లాడ్జీల వారు మాత్రం ఆలోచించుకోవాలి.

ఇక రెండవ హామీ. దీని గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే కరపత్రంలో పెద్ద అక్షరాలు దీనికే కేటాయించారు.

ట్యూబు రెండు కొసలలో ఏదో ఒకచోట, అల్యూమినియం టోపీకి దగ్గరగా, గాజుపై సన్నని అక్షరాలతో ఒక సంఖ్య అచ్చువేసి ఉంటుంది. మా దగ్గరున్న 36 వాట్ల ట్యూబులలో కొన్నింటిపై 54-765 అని, కొన్నింటిపై 865 అని ఉంది. చివరి మూడంకెల్లో మొదటిది రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెబుతుంది, చివరి రెండు కాంతి వర్ణాన్ని, అంటే 6500 కెల్విన్‌ను సూచిస్తాయి. చూడడానికి రెండూ ఒకే తెలుపు, ఒకే పొడవు, ఒకే లావు. కానీ లోపలి పొడి పూర్తిగా వేరు. ఏడుతో మొదలయ్యేవాటిలో ఉండేది కాల్షియం హాలోఫాస్ఫేటు. ఫ్లోరిన్, క్లోరిన్ కలిసిన కాల్షియం ఫాస్ఫేటులో కొద్దిపాటి ఆంటిమొనీ, మాంగనీసు చేర్చి తయారుచేసే ఆ పొడిలో రేర్ ఎర్త్ మూలకం ఒక్కటీ ఉండదు. ఎనిమిదితో మొదలయ్యేవాటిలో మూడు రంగుల పొడుల మిశ్రమం ఉంటుంది. అందులో ఎరుపుకు యూరోపియం చేర్చిన యిట్రియం ఆక్సైడు, ఆకుపచ్చకు సీరియం, టెర్బియం చేర్చిన లాంథనం ఫాస్ఫేటు లేదా మెగ్నీషియం అల్యూమినేటు, నీలానికి యూరోపియం చేర్చిన బేరియం మెగ్నీషియం అల్యూమినేటు వాడతారు. టీ5 ట్యూబులు, సీఎఫ్‌ఎల్‌లు దాదాపు అన్నీ ఈ రెండో తరగతికే చెందుతాయి. సన్నని గొట్టంలో పొడిపై పడే అతినీలలోహిత కాంతి తాకిడికి హాలోఫాస్ఫేటు ఎక్కువకాలం నిలవలేదు కాబట్టి వాటిలో మూడు రంగుల పొడినే వాడతారు.

రేర్ ఎర్త్‌ల కోసం ఈ పని చేసేవారు ముందుగా చేయవలసింది ఈ సంఖ్య చూసి ట్యూబులను రెండు కుప్పలుగా పోయడం. ఇదేమీ ప్రయోగశాల పని కాదు, చదువు వచ్చిన కుర్రవాడు ఎవరైనా చేయగలడు. ట్యూబులను డ్రమ్ములోకి జారుస్తున్న పెద్దాయనను, "ఇవి వేరే రకం కదా, విడిగా వేయరా?" అని అడిగాను. "అన్నీ ట్యూబులే కదా సార్, లోపలికి పోతే అన్నీ ఒకటే" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు అప్పగించిన పని అదే. పైగా మా దగ్గరున్నవాటిలో ఎక్కువ భాగం పాత 40 వాట్ల లావు ట్యూబులు, అంటే హాలోఫాస్ఫేటువే. అవి, 865 ట్యూబులు, సీఎఫ్‌ఎల్‌ల గాజుచుట్టలు అన్నీ కలిసి ఒకే డ్రమ్ములో నుగ్గయ్యాయి.

అలా కలిస్తే ఏమవుతుంది? వాడిన ట్యూబు బరువులో పొడి సుమారు 3 శాతం, మిగతాది దాదాపు అంతా గాజు, కొంత లోహం. పొడి రేణువులు మైక్రాన్ల సైజులో ఉంటాయి. గొలుసుల కింద నలిగిన గాజులోనూ అంత సన్నని ధూళి పుడుతుంది కనుక జల్లెడకు రెండూ ఒకటే. ముందే పొడిలో గాజు కలిసింది, ఆపై హాలోఫాస్ఫేటు కలిసింది. దీన్ని ఆమ్లంలో వేస్తే మొదట కరిగేది హాలోఫాస్ఫేటే. ఆమ్లంలో పెద్ద భాగాన్ని అదే తినేస్తుంది. తరువాత ద్రావణంలోకి ఆక్జాలిక్ ఆమ్లం పోసి రేర్ ఎర్త్‌లను ఆక్జలేటుగా, అంటే కరగని పొడిగా, అడుగుకు దించాలంటే, అడ్డుగా ఉన్న కాల్షియం కూడా ఆక్జలేటుగా దిగిపోతుంది. తెలిసినవారు మొదటి అంచెలో పలుచని ఆమ్లంతో హాలోఫాస్ఫేటును కడిగి తీసేసే మార్గం ఉంది, కానీ లేని పనిని కొని తెచ్చుకోవడం ఎందుకన్నదే ప్రశ్న. నిలువు ట్యూబులకు ఇంతకంటే మేలైన పద్ధతి ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. రెండు కొసల టోపీలను కోసి, గాలిని ఊది పొడిని శుభ్రంగా బయటికి నెట్టితే, గాజు గాజుగానే మిగులుతుంది, పొడి పొడిగానే వస్తుంది. డ్రమ్ము యంత్రం అందుకోసం పుట్టింది కాదు. వెయ్యి ట్యూబులను ఒక్క డ్రమ్ములో సర్దడానికి, దారిలో పగిలి పాదరసం బయటికి పోకుండా చేయడానికి పుట్టింది, ఆ పనిని అద్భుతంగా చేస్తుంది.

పొడి చేతికి వచ్చాక కూడా మూలకాలు అంత తేలిగ్గా లొంగవు. ఎరుపు పొడి ఈ మిశ్రమంలో బరువుకు సుమారు సగం ఉంటుంది, వెచ్చచేసిన పలుచని సల్ఫ్యూరిక్ లేదా హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సులువుగా కరుగుతుంది. అందులో వచ్చేది ఎక్కువగా యిట్రియం, కొద్దిగా యూరోపియం. అసలు ధర ఉన్నది టెర్బియానికి. విద్యుత్ వాహనాల మోటార్లలో వాడే అయస్కాంతాలు వేడికి తమ శక్తి కోల్పోకుండా ఉండడానికి డిస్ప్రోసియం అనే మరో రేర్ ఎర్త్‌తో పాటు దాన్ని కలుపుతారు. ఆ టెర్బియం దాక్కున్న ఆకుపచ్చ పొడి పలుచని ఆమ్లానికి చలించదు. గాఢ ఆమ్లంతో బాగా వేడిచేయాలి, లేదా సోడియం కార్బనేటు వంటి క్షారంతో కలిపి సుమారు 1000 డిగ్రీల వద్ద కరిగించి, ఆ తరువాత ఆమ్లంలో వేయాలి. అక్కడితో అయిపోదు. ద్రావణంలోని యిట్రియం, యూరోపియం, టెర్బియం రసాయనికంగా అన్నదమ్ముల్లాంటివి. వాటిని విడదీయడానికి ద్రావణి నిష్కర్షణ (కావలసిన మూలకాన్ని ఒక ద్రవం నుండి దానితో కలవని మరో ద్రవంలోకి లాగడం) అంచెలు అనేకం పెట్టుకోవాలి. యూరోపియం ఒక్కదాన్ని మాత్రం రెండు ధనావేశాల స్థితికి దించి సల్ఫేటుగా వేరుచేసే వీలుంది. బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయంవారు 2015 ప్రాంతంలో ఒక అయానిక ద్రవంతో (తక్కువ వేడిలోనే ద్రవంగా ఉండే లవణంతో) ఎరుపు పొడిని మాత్రమే కరిగించి, హాలోఫాస్ఫేటును, ఆకుపచ్చ పొడిని తాకకుండా వదిలే పద్ధతిని చూపారు. చదవడానికి ముచ్చటగా ఉంటుంది గానీ, టెర్బియం మళ్ళీ చివరికే మిగిలింది.

ఒక చిన్న లెక్క వేసి చూశాను. వంద సన్న ట్యూబులు, అన్నీ 865 రకమే అనుకుంటే, బరువు పదిహేడు కిలోల చిల్లర ఉంటుంది. వాటిలో పొడి అరకిలో. ఏమాత్రం నష్టం లేకుండా తీసినా, దానిలోని యిట్రియం ఆక్సైడు పావుకిలో లోపు, టెర్బియం ఆక్సైడు పది పదిహేను గ్రాముల మేర ఉంటుంది. మా మండపంలోని లావు ట్యూబుల వంద తీసుకుంటే రెండూ సున్నా. కరపత్రంలోని వాక్యాలను చదివినప్పుడు ఈ తేడా తెలియదు.

ప్రపంచంలో ఈ పనిని నిజంగా పరిశ్రమ స్థాయిలో చేసినవారు ఉన్నారు. 2010లో చైనా ఎగుమతులను బిగించడంతో 2011లో ధరలు ఆకాశానికి పోయి, యూరోపియం ఆక్సైడు కిలో కొన్ని వేల డాలర్లు పలికింది. ఆ వేడిలోనే ఫ్రాన్సులో సాల్వే సంస్థ సెయింట్ ఫాన్స్‌లోనూ లా రోషెల్‌లోనూ దీపాల పొడి నుండి రేర్ ఎర్త్‌లను తీసే ఏర్పాట్లు చేసింది. తరువాత ధరలు కుప్పకూలాయి, ఎల్‌ఈడీల రాకతో ఆ పొడులకు గిరాకీ కూడా పోయింది, 2016లో ఆ పనిని ఆపేశారు. అంత పెద్ద సంస్థకు, యూరప్ అంతటి నుండి వేరుచేసి సేకరించిన పొడి చేతిలో ఉన్నా, గిట్టుబాటు కాలేదు. మళ్ళీ 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతికి అనుమతులు తప్పనిసరి చేసింది. వాటిలో యిట్రియం, టెర్బియం రెండూ ఉన్నాయి. మన తీరపు ఇసుకలోని మోనజైటు అనే ఖనిజంలో సీరియం, లాంథనం, నియోడిమియం మెండుగా ఉన్నా ఇటువంటి బరువైన మూలకాలు అతి స్వల్పం. కేంద్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరులో కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. కాబట్టి ట్యూబులలోని పొడిని పారబోయకుండా దాచుకోవాలన్న ఆలోచనలో అర్థం ఉంది. సేవ అందించేవారు 'దాచుతాం' అని రాసి ఉంటే నాకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. 'వెలికితీస్తాం' అని రాశారు.

పని పూర్తి కాకముందే మా చేతికి వచ్చిన ధ్రువపత్రంలో ఆ అసలు రంగు బయటపడింది. మా ట్యూబుల నుండి రేర్ ఎర్త్ మూలకాలు 'పునరుద్ధరించబడినవి' అని భూతకాలంలో అచ్చువేసి, సంతకం, ముద్ర కూడా ఉన్నాయి. ఆ సమయానికి ట్యూబులు సగం ఇంకా మా వరండాలోనే కట్టలుగా ఉన్నాయి! పొడి ఎక్కడికి పోతుంది, పాదరసాన్ని వేడిచేసి వేరుచేసేది ఎవరు, ఆ తరువాత పొడిని ఆమ్లంలో వేసేది ఎవరు అని ఫోనులో అడిగాను. పాదరసం సంగతిలో జవాబు సూటిగా వచ్చింది: నలిగిన పదార్థాన్ని మూసిన పాత్రలో తక్కువ పీడనం వద్ద వేడిచేసి, ఆవిరిని చల్లార్చి పాదరసాన్ని పట్టుకుంటామని, ఆ తరువాత గాజును అమ్ముతామని చెప్పారు. పొడి గురించి అడిగితే "భద్రంగా నిల్వ చేస్తున్నాం సార్, కొనేవాళ్ళతో మాట్లాడుతున్నాం" అన్నారు. అది నిజాయితీగల జవాబే, కరపత్రం రాసినవారు కూడా అదే మాట రాసి ఉండవలసింది. ధ్రువపత్రాన్ని మార్చి ఇమ్మని కోరాను. కొద్ది రోజులకు 'పాదరసం వేరుచేయుటకు స్వీకరించబడినవి' అన్న పత్రం వచ్చింది. అడిగితే మారుస్తున్నారు కాబట్టి అందరూ అడగాలి.

రుసుము నాలుగడుగుల ట్యూబుకు 14 రూపాయలు, సీఎఫ్‌ఎల్‌కు 6, వాహనం ఖర్చు, జీఎస్టీ అదనం. చోక్‌ల రాగి అమ్మగా వచ్చిన డబ్బులో చాలావరకు ఇందులోకి పోయింది గానీ, మొత్తానికి చేతి నుండి పెద్దగా పడలేదు. పాదరసం విషయంలో వారు చేసిన పనికి ఇది న్యాయమైన ధరే. రేర్ ఎర్త్‌ల పేరు చెప్పి ఎవరైనా దీనికంటే ఎక్కువ అడిగితే ఇవ్వనక్కరలేదు. అదే పేరుతో ఉచితంగా పట్టుకెళతామంటే కూడా, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రం చూడకుండా ఇవ్వకూడదు. ఆ పొడికి ఈరోజు అంత ధర లేదు కనుక ఉచితం వెనుక పాదరసాన్ని ఎక్కడో పారబోసే ప్రమాదమే ఎక్కువ. అయిదుకు మార్కులు వేయమంటే సేకరణకు, జాగ్రత్తకు నాలుగున్నర, ప్రచారానికి ఒకటి వేస్తాను.

తొందరపడవలసిన కారణం కూడా ఒకటి ఉంది. పాదరసం వాడకాన్ని అరికట్టే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం కింద 2023లో జెనీవాలో కుదిరిన నిర్ణయాల ప్రకారం హాలోఫాస్ఫేటు ట్యూబుల తయారీ, ఎగుమతి దిగుమతులు 2026తో, మూడు రంగుల పొడి ట్యూబులవి 2027తో ఆగాలి. కొత్తవి రావు, పాతవి మాత్రం మరికొన్నేళ్ళు మన గోదాముల నుండి బయటికి వస్తూనే ఉంటాయి. ఆ కొన్నేళ్ళలో అన్నింటినీ కలిపి నుగ్గు చేస్తే, తరువాత ఎంత మంచి కర్మాగారం వచ్చినా ఆ డ్రమ్ముల నుండి టెర్బియం తీయడం మరింత ఖరీదవుతుంది.

లాడ్జి రెండో అంతస్తులో ఇంకా విప్పని ట్యూబులు కొన్ని ఉన్నాయి, వాటిలో 865 రకాన్ని ఈసారి అట్టపెట్టెల్లో విడిగా సర్దిస్తున్నాను. వాటిని డ్రమ్ములో వేయకుండా అలాగే తీసుకెళతారా అని ముందే అడిగాను. 500 ట్యూబులు దాటితే పెట్టెలతో సహా తీసుకెళ్ళి కొసలు కోసే యంత్రం ఉన్నచోటికి పంపుతామని, ట్యూబుకు 3 రూపాయలు ఎక్కువ అవుతుందని చెప్పారు. మా ఒక్కరి దగ్గర అన్ని లేవు. తిరుచానూరు రోడ్డులో, స్టేషన్ పరిసరాల్లో 865 ట్యూబులు, టీ5లు, సీఎఫ్‌ఎల్‌లు మిగిలిపోయిన మండపాలు, లాడ్జీల వారు సంఖ్య చూసి వేరుచేసి ఉంచితే, అందరివీ కలిపి ఒకే వాహనానికి ఎక్కించవచ్చు. శనివారం మాత్రం వద్దు.